మా అమ్మ పొదిగిన గుడ్లు

మా అమ్మ ముప్ఫై నాలుగేళ్ళు కాన్పుల వార్డులో నర్సుగా చేసింది. ఆవిడ చేతుల్లోకి ఎంతమంది పిల్లలు వచ్చారో లెక్క ఆవిడకే తెలీదు. బజారుకి తీసుకెళ్తే మీసాలొచ్చిన మగాళ్ళు కూడా బండి ఆపి, "సిస్టరమ్మా, బాగున్నారా? నేను మీ చేతుల్లోనే పుట్టాను" అని పళ్ళికిలిస్తారు. ఈవిడ మాత్రం ముందు వాళ్ళ గోళ్ళు చూస్తుంది. మట్టి కనపడిందా, ఇక వాడి పని అయినట్టే.

శుభ్రం విషయంలో మా అమ్మతో పెట్టుకుని గెలిచినవాడు లేడు. మా ఇంట్లో చీపురు కూడా స్నానం చేస్తుంది. నేను ఫ్రిజ్జులు బాగుచేస్తాను, ముందు గదే నా దుకాణం. ఒకరోజు నా స్క్రూడ్రైవర్లన్నీ మరిగే నీళ్ళలో వేసి పిడులు ఊడగొట్టింది. ఇదేంటే తల్లీ అంటే, "ఎవరెవరి ఇళ్ళలో ఏమేం ముట్టుకొచ్చావో" అంది. అన్నం పెట్టే చెయ్యి కదా, ఏం అంటాం? కొత్త పిడులు కొనుక్కున్నాను.

మా పక్కిల్లు పిన్నిది. మా బాబాయి భార్య. నాన్నా బాబాయీ ఇద్దరూ పోయారు, రెండిళ్ళకీ మధ్య నడుం ఎత్తు గోడ మిగిలింది. పిన్నికి పిల్లల్లేరు, కోళ్ళున్నాయి. మామూలు కోళ్ళు కావు. నెత్తిన ఈకల కుచ్చుతో, ఎవరో టోపీ పెట్టి పంపించినట్టుంటాయి. ఇరవై ఏళ్ళ కిందట ఎక్కడో ఒక జత సంపాదించి, అప్పట్నుంచీ ఆ వంశాన్ని నిలబెట్టుకుంటూ వస్తోంది. మా ఊళ్ళో అలాంటివి ఇంకెవరి దగ్గరా లేవు. ఆరు పెట్టలు, ఒక పుంజు. అంతే.

ఆరేళ్ళ కిందట కోళ్ళగూడు కంపు కొడుతోందని మా అమ్మ మున్సిపాలిటీకి అర్జీ పెట్టింది. మురిక్కాలవ గురించి పెట్టాను, కోళ్ళ గురించి కాదు అని ఇప్పటికీ వాదిస్తుంది. ఏదైతేనేం, మనుషులొచ్చి పాత గూడు పీకేశారు. ఆ రోజు నుంచి తోడికోడళ్ళిద్దరికీ మాటల్లేవు. మాటల్లేవంటే మధ్యలో నేనున్నానుగా!

"మీ అమ్మకి చెప్పరా, ఆ ఆరేసిన దుప్పటి మా వైపు కారుతోందని."

"చెప్పు మీ పిన్నికి, నీళ్ళు కారితే పోయేదేం లేదు, కాస్త శుభ్రపడుతుందని."

ఇద్దరూ గోడకి చెరోవైపు, నాలుగడుగుల దూరం. ఇద్దరికీ పాము చెవులు. అయినా నేను చెప్పేదాకా ఒకరి మాట ఒకరికి వినపడదు. దుకాణంలో పని వదిలేసి ఈ రాయబారాలేంటని కసురుకునేవాణ్ణి గానీ, ఎవరు లెక్కచేశారు?

అలాంటిది, మొన్నామధ్య పిన్ని స్టూలెక్కి అటక సర్దుతూ పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను, ఆపైన నడక నేర్పించడం, అంతా కలిపి నెల పైమాటే అన్నారు. స్ట్రెచర్ మీద వీధిలోకి తెస్తుంటే మా అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. పిన్ని నొప్పితో పళ్ళు బిగబట్టి, తల తిప్పి, నన్ను కాదు, మా అమ్మనే చూసి అంది.

"అక్కా, కోళ్ళు."

ఆరేళ్ళలో మొదటి మాట. మా అమ్మ మెట్టు దిగి వచ్చింది. "నువ్వెళ్ళు. నేను చూసుకుంటాను" అంది.

చూసుకుంది. మూడో రోజు పొద్దున్నే ఫినాయిలు డబ్బా, గట్టి బ్రష్షు పట్టుకుని గూట్లోకి దూరింది. కోళ్ళన్నిటినీ పెరట్లోకి తోలి, గూడు నేల నుంచి కప్పు దాకా తోమింది. తడి ఆరాలని తలుపు బార్లా తెరిచింది. గాలి బాగా ఆడాలని వెనక గేటు కూడా తెరిచింది. నేను ముందు గదిలో ఒక కంప్రెసర్ విప్పుకుంటూ ఉన్నాను. కేక విని పరిగెత్తేసరికి పెట్టలు గోడెక్కి ఉన్నాయి. పుంజు మాత్రం ఎగరలేదట. గేట్లోంచి దూరిన వీధికుక్కకి ఎదురు నిలబడిందట. మా అమ్మ బకెట్టు విసిరేలోపే అంతా అయిపోయింది.

పాతిపెట్టి వచ్చి పావుగంట చేతులు కడుక్కుంది. తర్వాత మెట్టు మీద కూర్చుండిపోయింది.

"ఆరేళ్ళకి నోరు తెరిచి ఒక్కటడిగిందిరా" అంది. "దాని మొహం ఎలా చూడను?"

"ఇంకో పుంజుని కొందాం లేమ్మా."

"ఆ కుచ్చు ఎక్కడ దొరుకుతుందిరా, నీ బొంద!"

నిజమే. తెలిసిన చోటల్లా అడిగాను, చుట్టుపక్కల సంతలన్నీ తిరిగాను. కుచ్చుకోడి అంటే నవ్వారు. ఆఖరికి దాణా కొట్టాయన దగ్గరికెళ్ళాం. ఆయన కోళ్ళలోనే పుట్టి కోళ్ళలోనే ముసలాడైన మనిషి. విషయం విని గడ్డం గోక్కున్నాడు.

"పుంజు పోయినా పది పన్నెండు రోజుల దాకా పెట్టలు పెట్టే గుడ్లలో జీవం ఉంటుందమ్మా. పోగుచేసి పొదిగించండి. అందులో ఒక్క పుంజు పిల్ల లేచినా మీ వంశం నిలబడినట్టే."

మా అమ్మ మొహం వెలిగిపోయింది. అయితే చిక్కొకటుంది. ఈ కుచ్చుకోళ్ళు సోకులకే గానీ పొదగవు. పిన్ని ఎప్పుడూ ఎవరిదో పొదుగుకోడిని అడిగి తెచ్చుకునేది. ఇప్పుడు చూస్తే పొదుగు మీదున్న కోడి ఎవరింట్లోనూ లేదు. "పెట్టె నేను చేస్తాను, నువ్వు గుడ్లు దాచు" అన్నాను అమ్మతో. అక్కడే కొంప మునిగింది.

పుంజు పోయిన నాటి నుంచి అయిదు రోజుల్లో పదకొండు గుడ్లు వచ్చాయి. మా అమ్మ వాటిని ఒక్కొక్కటే ఆస్పత్రి సబ్బుతో, వేణ్ణీళ్ళతో తళతళలాడేలా కడిగి, ఉడకబెట్టి ఆరేసిన గుడ్డతో తుడిచింది. చెడిపోకుండా ఫ్రిజ్జులో పెట్టమని సలహా ఇచ్చింది ఎవరనుకున్నారు? నేనే. పైగా ఇంకా బాగుండాలని చల్లదనం రెండు మెట్లు పెంచాను. నర్సు కడిగింది, ఫ్రిజ్జుల మెకానిక్కు గడ్డకట్టించాడు. ఎవరి వృత్తిధర్మం వాళ్ళు పాటించాం.

దాణా కొట్టాయన ఆ గుడ్లు చూడ్డానికొచ్చి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"కడిగారా?"

"శుభ్రంగా" అంది మా అమ్మ గర్వంగా.

"ఫ్రిజ్జులో కూడా పెట్టారా? ఇంకేం మిగిలిందమ్మా, ఉడకబెట్టడమేగా. అదీ కానిచ్చెయ్యండి!"

గుడ్డు పెంకు మీద కంటికి కనపడని పొర ఉంటుందట. కడిగితే అది పోయి, పెంకు సందుల్లోంచి క్రిములు లోపలికి దూరతాయట. ఇక ఫ్రిజ్జు చలికి లోపలి జీవం చచ్చిపోతుందట. చల్లటి గది చాలు, సన్నటి కొన కిందికి పెట్టాలి, రోజుకోసారి ఆ పక్కకీ ఈ పక్కకీ వంచాలి, వారం దాటి ఉంచకూడదు. పెంట అంటుకుంటే పొడిగుడ్డతో రాల్చడమే తప్ప నీళ్ళ జోలికే పోకూడదు. ఇదంతా వింటుంటే మా అమ్మ మొహం చూడాలి. ముప్ఫై నాలుగేళ్ళు మురికే మృత్యువని నమ్మిన మనిషి ఆవిడ.

"పదకొండు ప్రాణాలురా" అంది ఆయన వెళ్ళాక. "నా చేతుల్తో నేనే..." అని చేతులు చీరలో దాచుకుంది. నాకు నవ్వు రాలేదు. చల్లదనం పెంచింది నేనే కదా.

ఇక ఉన్నది వారమే. ఆ వారంలో తొమ్మిది గుడ్లు వచ్చాయి. రెండింటికి పెంట అంటింది. వాటిని కడక్కుండా ఇంట్లో పెట్టుకోవడానికి ఆవిడ పడ్డ యాతన పగవాడిక్కూడా వద్దు. చేతులకి గ్లవుజులు, మూతికి గుడ్డ. మెట్ల కింద గదిలో అట్ట ట్రే మీద వాటిని నిలబెట్టి, పూటపూటా వచ్చి చూసి, ముక్కు ముడుచుకుని, ట్రే కింద ఈ చివర పెట్టిన చెక్క ఆ చివరికి మార్చి వెళ్ళేది. ఒక్కోదాని మీద పెన్సిలుతో తేదీ రాసింది. ఒక్కోదానికి ఒక కేస్ షీటు కూడా రాసింది. నవ్వితే నా వీపు చిట్లిపోయేది, అందుకని నవ్వలేదు.

నేను పెట్టె చేశాను. థర్మోకోల్ ఐసు పెట్టె, రెండు బల్బులు, వేడి పెరిగితే ఆర్పే మీటరు, పాత కంప్యూటరు ఫ్యాను, మూతకి అద్దం ముక్క, లోపల నీళ్ళ గిన్నె. పుట్టి బుద్ధెరిగాక చల్లబరిచే పనే చేశాను, వేడి చెయ్యమనడం ఇదే మొదలు. గుడ్లు పెట్టక ముందు ఒక రోజంతా ఖాళీగా నడిపించాను. ముప్ఫై ఏడున్నర డిగ్రీల దగ్గర ముల్లు కదలకుండా నిలబడింది. మా అమ్మ నా మీటరుని నమ్మలేదు. జ్వరం చూసేది తెచ్చి లోపల పెట్టి చూసి, "ఊఁ, ఫరవాలేదు" అంది. నా జన్మకి అదే సర్టిఫికెట్టు.

గుడ్డుకి ఒకవైపు సున్నా, ఒకవైపు ఇంటూ గుర్తు. రోజుకి మూడుసార్లు తిప్పాలి. డ్యూటీ టైమంటే టైమే. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు.

ఇదంతా ఒక ఎత్తు, రోజూ మధ్యాహ్నం అమ్మా నేనూ ఆస్పత్రికి క్యారేజీ తీసుకెళ్ళడం ఒక ఎత్తు. పిన్ని తింటూ, గోడ వైపు చూస్తూ, "మీ అమ్మని అడగరా, పుంజు కూస్తోందా అని" అనేది. అక్కడ కూడా నేనే రాయబారిని.

మా అమ్మ కిటికీ వైపు చూస్తూ, "చెప్పరా, కూస్తోందని" అనేది.

"కూస్తోంది పిన్నీ."

"బాగా?"

"గొంతు చించుకుంటోంది."

అబద్ధం ఆవిడది, పాపం నాది. బయటికొచ్చాక, "ఇంకెన్నాళ్ళే ఇది?" అని అరిచేవాణ్ణి. "పిల్లలు లేచేదాకా" అనేది. "ఉత్త చేతుల్తో ఎలా చెప్పనురా? దాని చేతిలో ఒక పుంజు పిల్లని పెట్టి, అప్పుడు చెప్తాను. అప్పుడు తిట్టనీ, కొట్టనీ."

ఏడో రోజున స్నానాల గదిలో చీకటి చేసి, అట్టగొట్టం తొడిగిన టార్చి మీద గుడ్లు పెట్టి చూశాం. మొదటి రెండూ ఖాళీ. మూడోదాంట్లో ఎర్రటి నరాలు, మధ్యలో మినప్పప్పంత నల్లటి చుక్క. ఆ చుక్క అదురుతోంది. మా అమ్మ వంగి గుడ్డు దగ్గరికి మొహం పెట్టింది.

"కొట్టుకుంటోందిరా" అంది. తర్వాత ఆ గుడ్డుతో, వార్డులో తల్లులతో చెప్పినట్టే, "బాగుందమ్మా, బాగుంది. భయపడకు" అంది. ఆ చీకట్లో నేను కళ్ళు తుడుచుకున్నాను. ఆవిడ చూళ్ళేదు, బతికిపోయాను.

తొమ్మిదింట్లో మూడు ఖాళీ. పద్నాలుగో రోజుకి ఇంకొకదాంట్లో కదలిక ఆగిపోయింది. మిగిలినవి అయిదు. పద్దెనిమిదో రోజు నుంచి తిప్పడం ఆపి, లోపల తేమ నిలవడానికి గిన్నెలో నీళ్ళు పెంచి, మూత వేశాం. "పిల్లలు లేచేదాకా మూత తీస్తే ఒట్టే" అని దాణా కొట్టాయన వేలు చూపించి మరీ చెప్పాడు. ఇరవయ్యో రోజు సాయంత్రం ఒకటి బయటికొచ్చింది. తడిసి ముద్దైన గుడ్డపీలికలా ఉంది, నెత్తిన చిన్న బొడిపె. అదే కుచ్చు! మర్నాడు పొద్దున్న రెండోది. మూడోది పెంకుకి చిల్లు పెట్టి ముక్కు బయటపెట్టింది.

ఆ రోజే పిన్నిని ఇంటికి పంపిస్తామన్నారు. నేను ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. అమ్మ పెట్టె దగ్గర ఉండిపోయింది.

పిన్ని తన గేటు దగ్గర దిగి, నడిచే స్టాండు పట్టుకుని నిలబడింది. పెట్టలు పరిగెత్తుకొచ్చాయి. లెక్క చూసుకుంది. ఇంకోసారి చూసుకుంది.

"పుంజేదిరా?"

"అమ్మనడుగు పిన్నీ" అన్నాను.

స్టాండు తిప్పుకుని, ఆరేళ్ళుగా తొక్కని మా గుమ్మం తొక్కి లోపలికొచ్చింది. మా అమ్మ పెట్టె ముందు నేల మీద కూర్చుని ఉన్నదల్లా లేచి నిలబడింది.

"చచ్చిపోయింది" అంది. "నువ్వెళ్ళిన మూడో రోజునే. గూడు కడిగి తలుపులు తీసిపెట్టాను. కుక్క నోట పడింది. నెల రోజులుగా వీడి చేత నీకు అబద్ధాలు చెప్పించాను. తప్పంతా నాదే."

పిన్ని మొహంలో రక్తం లేదు. "కడిగావా?" అంది. "ఆ రోజు నా గూడు పీకించావు. ఊరుకున్నాను. కోళ్ళు చూసుకోమంటే దాన్నీ కడిగావా? నిన్ను కడగమని ఎవరడిగారు? ఇరవై ఏళ్ళక్కా! నాకింకేం ఉందని?" వెనక్కి తిరిగింది. మా అమ్మ అలాగే నిలబడి తిట్లన్నీ తింది.

అప్పుడు పెట్టెలోంచి కిచకిచమని వినపడింది. పిన్ని ఆగింది. స్టాండు మెల్లగా ఇటు తిప్పుకుని వచ్చి, అద్దంలోంచి చూసింది. చాలాసేపు చూసింది.

"ఈ మూడోది ఎప్పుడు ముక్కు పెట్టింది?"

"పొద్దున్న ఆరింటికి."

"పొర ఎండి పిల్లకి అతుక్కుపోయింది. మూత తీశావా?"

మా అమ్మ తలదించుకుంది. "ఆ రెండూ తడితో వణుకుతున్నాయి. తీసి, తుడిచి..."

"తుడిచావా! నీ తుడుపు తగలెయ్య!" అంది పిన్ని. కానీ ఈసారి కుర్చీ లాక్కుని కూర్చుంది. "వేణ్ణీళ్ళు పట్రా. దూది పట్రా. ఇలాగే వదిలేస్తే చచ్చిపోతుంది, నేనే తీస్తాను."

చెయ్యి చాపింది. నెల రోజుల మందులు, మంచం. వేళ్ళు వణుకుతున్నాయి. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని మా అమ్మ వైపు చూసింది.

"నువ్వే తియ్యాలక్కా. నేను చెప్తాను."

మా అమ్మ వెనక్కి జరిగింది. "నా వల్ల కాదు. ఇప్పటికే చాలా చంపాను."

"ముప్ఫై నాలుగేళ్ళు చేసింది ఏంటో మరి! కూర్చో!"

కూర్చుంది. దూది తడిపి పొర మీద అద్దుతూ, పెంకు గోరంత గోరంత తీస్తూ పోయింది. "మెల్లగా. అక్కడ నరం ఉంది, అటు పోకు. ఎర్రగా కనపడిందా, ఆపు. దాన్ని ఆగనీ" అంటూ పిన్ని చెప్తోంది. "ఇక్కడా?" "కాదు, ఇంకా పైకి." ఒక అరగంట చేసి, ఒక అరగంట మూత వేసి ఊరుకోవాలి. ఆ ఊరుకునే అరగంటలే మా అమ్మకి నరకం. లేవబోతే పిన్ని కొంగు పట్టుకుని కూర్చోబెట్టేది. అలా మూడు గంటలు. ఆఖర్న, "చాలు, మిగతాది అదే తన్నుకుంటుంది" అంది పిన్ని. తన్నుకుంది. ఒక కాలివేలు వంకరతో, నెత్తిన బొడిపెతో, నానా గోల చేస్తూ బయటపడింది. మా అమ్మ చేతులు మొహానికి కప్పుకుని భోరుమంది. పిన్ని ఆవిడ వీపు మీద చెయ్యేసి కూర్చుంది.

మిగిలిన రెండు గుడ్లూ లేవలేదు. మూడు పిల్లలు. వాటిలో ఒక్కటి పుంజైతే చాలు.

పిన్ని వంగలేదు కాబట్టి ఆ మర్నాటి నుంచి గూడు చూసే పని మా అమ్మది. పొద్దున్నే వెళ్ళి, చుక్క నీళ్ళు లేకుండా ఊడ్చి, దాణా వేసి, ఇద్దరూ టీ తాగి, పిల్లల్ని ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని చూస్తారు. "ఏది పుంజే?" అని మా అమ్మ. "అప్పుడే తెలీదక్కా, ఆగాలి" అని పిన్ని. అది అయ్యేసరికి పదవుతుంది. నా కాఫీ సంగతి అడిగే నాథుడు లేడు.

పది వారాలు గడిచాయి. ఒకరోజు దాణా బస్తా వేయడానికి కొట్టాయన పిన్ని పెరట్లోకి వచ్చాడు. నేను బస్తా పట్టుకుని వెనకే ఉన్నాను. పిల్లల వైపు ఒక్క చూపు చూశాడు.

"మూడూ పెట్టలేనమ్మా. పుంజుకైతే ఈపాటికి కుచ్చు ముళ్ళలా చీలి నిలబడేది. ఇవి చూడండి, బంతిలా గుండ్రంగా కూర్చున్నాయి."

"నాకు తెలుసులే" అంది పిన్ని. "నెల రోజులైంది."

ఆయన వెళ్ళాక నేను ఉండబట్టలేకపోయాను. "తెలిసి కూడా రోజూ తెలీదంటావేంటి పిన్నీ? పాపం, అమ్మ ఆశ పెట్టుకుని వస్తోంది. చెప్పెయ్యొచ్చుగా!"

పిన్ని దాణా గిన్నెలో చెయ్యి పెట్టి గింజలు కెలికింది.

"వేరే పుంజుని తెస్తే కుచ్చు సగం సగం వస్తుంది. అదే చాల్లే అనుకున్నాను, అది కాదు నా బాధ" అంది. "చెప్తే ఏముందిరా, మీ అమ్మ మొహం చెల్లక రేపట్నుంచి రాదు."

అప్పుడే గేటు చప్పుడైంది. మా అమ్మ వచ్చింది. వంకరవేలు దాన్ని పట్టి, ఎండలోకి తిప్పి, నెత్తిన కుచ్చు వేళ్ళతో విడదీసి చూసింది. బిడ్డ బయటపడీ పడకముందే ఆడో మగో చెప్పిన మనిషి. నేనావిడ మొహం వైపే చూస్తున్నాను. ఏం తెలిసిందో తెలియనివ్వలేదు. మెల్లగా దాన్ని కింద వదిలి, పిన్ని పక్కన పీట లాక్కుని కూర్చుంది.

"ఇంకా తెలీలేదా?"

"లేదక్కా. ఆగాలి."

"సరేలే" అంది మా అమ్మ. "రేపొచ్చి చూస్తాను."